కొల్లేటి గూడబాతులకు చోటు కావాలి

కొల్లేటి ప్రాంతంలో గూడబాతులు గుంపుగా గూళ్లు కట్టుకుంటున్నాయని పక్షుల పరిశీలకుడు కె.కె.నీలకంఠన్ 1946లో గుర్తించారు. అప్పట్లో అవి 3,000 దాకా ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం కనుమరుగైంది. కైకలూరు దగ్గరి ఆటపాకలో మళ్లీ గూళ్లు వెలిశాయి గానీ, అక్కడ చెట్లు ఎండిపోతే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టాల్సి వచ్చింది. వీటన్నిటి మీదికి ఇప్పుడు వాతావరణ మార్పు వచ్చిపడింది. అది లోకమంతటి సమస్య, మన చేతిలో ఏముందని చాలామంది అంటారు. భూమి వేడెక్కడాన్ని కొల్లేటి గట్టున ఎవరూ ఆపలేరు, నిజమే. ఆ దెబ్బకు పక్షి తట్టుకుంటుందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఇక్కడే తేలుతుంది.

వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి గూడబాతు గూడు మొదలుపెడుతుంది. పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి మరికొన్ని నెలలు. పుట్టిన పిల్లకు ఒంటిమీద ఈక ఉండదు. తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి, సగం అరిగిన చేప తింటుంది. ఎండ ముదిరితే పెద్దపక్షి రెక్కలు విప్పి పిల్లకు నీడపడుతుంది, గొంతుసంచిని అదేపనిగా అల్లాడిస్తూ తన వేడి తగ్గించుకుంటుంది. ఇన్ని నెలలూ దగ్గర్లో నీళ్లు, చేప, గట్టి కొమ్మ ఉండాలి. ఏది తప్పినా ఆ ఏటి పిల్లలు దక్కవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో చెట్లను కూల్చేసింది. తేలినీలాపురం, తేలుకుంచి లాంటి పక్షుల ఊళ్లకు చెట్టు పోతే గూడు పోయినట్టే.

వాన ఒకేడు కుండపోత, ఒకేడు ఎగవేత అవుతున్నప్పుడు సరస్సుకు వెడల్పే రక్ష. మైలవరం కొండల నుంచి బుడమేరు, చింతలపూడి మీదుగా తమ్మిలేరు కొల్లేటికే చేరతాయి. మన విస్సన్నపేట ఈ రెండింటి నడుమ ఉంది. చేపల చెరువుల గట్లు లేనిచోట వరద పరుచుకుని, మెల్లగా ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతుంది. గట్లు అడ్డుపడ్డచోట వెనక్కి ఎగదన్నుతుంది. పైనుంచి మంచినీరు తగ్గిన ఏడు ఉప్పుటేటి గుండా ఉప్పునీరు లోపలికొస్తుంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఈ బాధ ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

చేపల చెరువులే పక్షులకు తిండి పెడుతున్నాయన్న వాదనలో కొంత నిజముంది, గూడబాతు వరకు. ఎర్రకాళ్ల కొంగ నీళ్లలో నిలబడి వేటాడుతుంది. లోతు చెరువు దానికి అక్కరకు రాదు. పైగా అక్కడ వల, టపాసుల మోత కాచుకుని ఉంటాయి.

బతుకుతెరువు మాట మరింత బరువైనది. 1999లో +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా కొల్లేటిని అభయారణ్యమని ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలగా రామ్సార్ గుర్తింపు వచ్చింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ గొడవలో జిరాయితీ భూమి ఉన్న చిన్నరైతునూ, వందల ఎకరాలు ఆక్రమించినవాడినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. జిరాయితీదారుకు ముందు పరిహారం ఇవ్వాలి, తర్వాతే గట్టు జోలికి పోవాలి. కాంటూరును +3కి దించాలన్న డిమాండుకు మాత్రం నేను ఒప్పుకోను. కాగితం మీద గీత దిగినంత మాత్రాన వరద దిగదు.

పెద్ద సరస్సు లేని ఊళ్ల సంగతి? గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్లమీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురముంటున్నాయి, ఊరివాళ్లు తరమరు. విస్సన్నపేట చుట్టుపక్కల చెరువుల్లో ఉపాధిహామీ కింద పూడిక తీసేటప్పుడు నడిమధ్య తుమ్మల్ని నరకకుండా వదిలేయడానికి అదనంగా పైసా ఖర్చు కాదు.