పెట్టెలో ఉన్నది చెత్త కాదండీ, ఇంజన్లు!

మీ పిల్లాడి బల్ల కింద ఓ అట్టపెట్టె ఉందా? అందులో రాయని పెన్నుల మూతలు, విరిగిన బొమ్మకారు చక్రాలు, మందుబిళ్ళల ఖాళీ రేకులు, పాడైపోయిన కీబోర్డు మీటలు, ఇంకా ఏవేవో ఉన్నాయా? ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేసెయ్యకండి. నేను వేశాను. అందుకే చెబుతున్నాను.

పోయిన దసరాకి ముందు ఇల్లు దులుపుతున్నాను. మాదాపూర్ ఫ్లాట్లలో చోటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. చీపురు పెట్టుకోవడానికి మూల కూడా ఉండదు. పెట్టె చూశాను, చెత్త అనుకున్నాను, కింద బండి అరుపు వినపడగానే దింపి ఇచ్చేశాను. సాయంత్రం మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం. అరవలేదు, గొడవ చెయ్యలేదు. "అమ్మా, అందులో ఇంజన్లు ఉన్నాయి" అన్నాడు. అంతే. తర్వాత నాలుగు రోజులు పెట్టింది తిన్నాడు, అడిగినదానికి ఊ అన్నాడు. బల్ల మీద సగం కట్టిన తెల్లటి వస్తువేదో అలాగే ఉండిపోయింది. రోజూ దాని చుట్టూ తుడిచిన నేను అదేమిటని ఒక్కనాడూ అడగలేదు. అయిదో రోజున అడిగాను.

అది అంతరిక్ష నౌక. నిజంగా ఉన్నది కాదు, సినిమాల్లో కనిపించేలాంటిది, మావాడు ఊహించుకున్నది. తెల్లటి ప్లాస్టిక్ షీటును కత్తిరించి, అతికించి, ముక్క ముక్కగా పెంచుకుంటూ వెళ్తాడు. దుకాణంలో కిట్టు కొని అంకెల ప్రకారం అతికించడం వేరు. ఇది గీత దగ్గర్నుంచి మన చేతిలోనే పుట్టాలి. దీన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారట.

ఇదెక్కడి పిచ్చి అనుకుంటున్నారా? నేనూ అనుకున్నాను. కానీ 'మాయాబజార్' గుర్తు చేసుకోండి. 1957లో వచ్చిన ఆ సినిమాలో వెన్నెల్లో మెరిసే ద్వారక నగరం చూసి మన అమ్మమ్మలు నోరు తెరిచారు. అది ఊరు కాదు, బొమ్మల ఊరు. యాభై అడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు స్థలంలో సుమారు 300 చిన్న చిన్న ఇళ్ళు కట్టి, మార్కస్ బార్ట్లే గారు కెమెరాతో మాయ చేశారు. కళాదర్శకులు గోఖలే గారు, కళాధర్ గారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో లేని లోకాన్ని చూపించాలంటే ఎవరో కూచుని చేత్తో కట్టాల్సిందే.

అమెరికాలోనూ అంతే. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్‌కి పదకొండు అడుగుల నౌక కట్టారు. అదిప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. 1977 నాటి 'స్టార్ వార్స్' మొదట్లో మన తల మీదుగా వెళ్తూనే ఉండే ఆ పెద్ద నౌక నిజానికి మూడడుగులదేనట! మావాడు చెబితే నమ్మలేదు. మూడడుగులది అంత పెద్దగా ఎలా కనిపించిందీ అంటే, దాని నిండా సన్నటి గొట్టాలు, పెట్టెలు, తలుపులు, మెట్లు అతికించారు. అవి ఎక్కడివి? మార్కెట్లో దొరికే యుద్ధ ట్యాంకుల, ఓడల, విమానాల బొమ్మ కిట్లు కొని, వాటిలోని ముక్కలు ఏరి అంటించారు. ట్యాంకు చక్రం అక్కడ ఇంజన్ భాగం అయింది. మావాడి పెట్టె కూడా అదే పని కోసమన్నమాట. నేను పదిహేను నిమిషాల్లో బండివాడికి అప్పగించింది రెండేళ్ళ ఏరుడు.

ఇక్కడ ఒక లెక్క ఉంది, నాకు చాలా నచ్చింది. ముప్ఫై సెంటీమీటర్ల నౌక కట్టారనుకోండి. దాని మీద మూడు సెంటీమీటర్ల తలుపు పెడితే, ఆ తలుపును ఏడడుగులదిగా తీసుకుని లెక్క కడితే, నౌక రెండు ఆర్టీసీ బస్సులంత. అదే నౌక మీద తలుపును ఆరు మిల్లీమీటర్లకి తగ్గించండి. ఇప్పుడు నౌక వంద మీటర్లు దాటిపోయింది! ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా పెరగలేదు. కంటికి తెలిసిన వస్తువు ఒకటి కనపడితే మిగతాదంతా దాన్నిబట్టి కొలుస్తాం కదా. అందుకే ముందు తలుపు కొలత తేల్చుకుని, ఆ తర్వాతే మిగతావి గీస్తారు. లేకపోతే ఒక కిటికీ రాక్షసుడిది, ఇంకొకటి చీమది అవుతుంది.

ఇక కావలసినవి చెబుతాను, వంటలో చెప్పుకున్నట్టే. పాలీస్టైరీన్ షీటు, అడిగేటప్పుడు హిప్స్ షీటు అనండి. అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్లు, మూడు మందాలుంటే చాలు. బిల్డర్ల ఆఫీసుల్లో అద్దాల పెట్టెల్లో అపార్ట్‌మెంట్ నమూనాలు పెడతారు చూడండి, వాటికెక్కువగా సన్‌బోర్డు, యాక్రిలిక్ వాడతారు. సన్‌బోర్డు లోపల నురగలా ఉంటుంది, అంచు అంత నున్నగా రాదు. పెద్ద ముక్కలకి పనికొస్తుంది. ఇంకా ఉక్కు స్కేలు, బ్లేడు విరుచుకునే కట్టరు, టైలర్ల దగ్గరుండే ఆకుపచ్చ మ్యాటు, ఎమరీ కాగితం, మోడల్స్‌కని అమ్మే పల్చటి జిగురు, సన్న కుంచె. అంతే.

చెత్తలో ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నదానికి మనకి అందుబాటులోనే ఒక గుర్తుంది. ప్లాస్టిక్ వస్తువుల అడుగున బాణాల త్రికోణంలో అంకె ఉంటుంది, చూసే ఉంటారు. 6 ఉంటే పాలీస్టైరీన్, చక్కగా అతుకుతుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే పాల డబ్బాల రకం. వీటికి ఏ జిగురు రాసినా రెండు రోజుల్లో ఊడి చేతికొస్తుంది. పాత సీడీల గట్టి డబ్బాలు పాలీస్టైరీనే. ఇంట్లో పడి ఉంటే తీసిపెట్టండి, కిటికీ అద్దాలకి బ్రహ్మాండంగా ఉంటాయి. మన కుట్టుపెట్టెలో ఉన్నవి చూసి మావాడి కళ్ళు మెరిశాయి. టిచ్ బటన్లు, హుక్కులు, ఖాళీ బాబిన్లు! బాబిన్ అడ్డంగా పెడితే ఇంధనం ట్యాంకు చివరిలా ఉంటుంది. మందుబిళ్ళల రేకులోని బుడగలు కోసి అతికిస్తే చిన్న చిన్న గుమ్మటాలు.

షీటును కత్తెరతో కత్తిరించరు. స్కేలు పెట్టి కట్టరుతో తేలిగ్గా రెండు మూడుసార్లు గీత లాగాలి. తర్వాత గీత దగ్గర వంచితే టక్‌మని విరిగి అంచు తిన్నగా వస్తుంది. ఒకేసారి తెంచేద్దామని బలంగా నొక్కారో, బ్లేడు స్కేలు ఎక్కి వేలి మీదికొస్తుంది. నా ఎడమ చూపుడువేలి మీద ఇప్పటికీ గుర్తుంది. కూరగాయలు తరగడం ఇరవై ఏళ్ళుగా వచ్చుకదా అన్న ధీమా ఇక్కడ పనికిరాలేదు.

ముందు మందం షీటుతో లోపలి అస్థిపంజరం కట్టాలి, పడవకి పక్కటెముకలు కట్టినట్టు. పైన పల్చటి షీటు తొడగాలి. లోపల ఆధారం లేకపోతే పెద్ద పలక మధ్యలో కుంగిపోతుంది. జిగురు పూత పూసి అంటించేది కాదు. రెండు అంచులు ఆనించి పట్టుకుని, కుంచె కొనతో అతుకు దగ్గర తాకిస్తే చాలు, ద్రవం దానంతటదే సందులోకి పాకి, ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. ఫెవికాల్ ఇక్కడ పనిచెయ్యదు, దానికి కట్ట, కాగితం కావాలి. ఇంకో కిటుకు: అన్ని వైపులా మూసిన పెట్టెకి కనపడని చోట సూదితో బెజ్జం పెట్టాలి. లోపల చిక్కుకున్న జిగురు ఆవిరి పోయే దారి లేక పల్చటి గోడలు వంకరపోతాయి. మావాడి మొదటి నౌక పొట్ట అలాగే ఉబ్బిపోయిందట, అప్పుడు నేను పట్టించుకోలేదు.

గుండ్రటి భాగాల దగ్గరే చిక్కంతా. అక్కడ నా సలహా పనికొచ్చింది. అర మిల్లీమీటరు షీటు ముక్కను అప్పడాల కర్రకి చుట్టి, టేపు వేసి, దాని మీద మరిగే నీళ్ళు పోసి, చల్లారాక విప్పితే ఆ వంపు అలాగే నిలిచిపోయింది! "అమ్మా, సూపర్" అన్నాడు. దసరా తర్వాత నాతో మనస్ఫూర్తిగా అన్న మొదటి మాట అదే. ఆ కర్ర మళ్ళీ వంటకి వాడలేదు లెండి, కొత్తది కొనుక్కున్నాను.

సందులు పూడ్చడానికి ఫెవిక్విక్‌లో కొంచెం టాల్కం పౌడరు కలిపితే మక్కులా అవుతుంది. ఆరాక ఎమరీ కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దాలి, పొడి రేగదు. మక్కు అనగానే నాకు కొండపల్లి గుర్తొచ్చింది. శిల్పారామం వెళ్తే మీరూ ఆ బొమ్మలు చూసే ఉంటారు. తెల్ల పొణికి చెక్కతో చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఏనుగూ అంబారీ అయితేనేం, అంతరిక్ష నౌక అయితేనేం, పద్ధతి ఒక్కటే. ఈ మాట మావాడితో అంటే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, ఇంట్లో ఉన్న దశావతారాల బొమ్మ ఒకటి తీసి అతుకులు వెతకడం మొదలుపెట్టాడు.

రంగు వెయ్యడానికి ముందు మొత్తానికీ బూడిదరంగు ప్రైమరు పల్చగా కొట్టాలి. తెల్ల ప్లాస్టిక్ మీద కనపడని గీతలూ, గుంటలూ అన్నీ అప్పుడు బయటపడతాయి. ఒకేసారి ఎక్కువ కొడితే స్ప్రేలోని మందు ప్లాస్టిక్‌ని తినేస్తుంది, అందుకని పల్చగా రెండు మూడుసార్లు. తర్వాత అసలు రంగు. కొత్తగా మెరిసిపోతే బొమ్మలా ఉంటుంది కాబట్టి నల్లరంగు నీళ్ళు పల్చగా పూసి తుడుస్తారు, సందుల్లో మట్టిలా నిలుస్తుంది. పెన్సిల్ ముల్లు పొడి చేసి అంచులకు రుద్దితే రంగు పోయి ఇనుము బయటపడినట్టు కనపడుతుంది. ఇల్లు శుభ్రంగా ఉంచాలని జన్మంతా తాపత్రయపడే మనకి, పనిగట్టుకుని మురికి చెయ్యడం చూస్తే చెయ్యి ఆగదు. రెండుసార్లు నేను తుడవబోతే పట్టుకున్నాడు.

ఇప్పుడు తల్లులందరికీ ముఖ్యమైన సంగతి. ఈ జిగుర్ల వాసన మంచిది కాదు, పైగా నిప్పు అంటుకునే గుణం ఉంది. ఏసీ వేసుకుని తలుపులు బిగించుకుని చేస్తానంటే ఒప్పుకోకండి. కిటికీ తెరవాలి, ఫ్యాను ఉండాలి, సీసా మూత ఎప్పటికప్పుడు పెట్టాలి. వంటగదిలో, దీపారాధన దగ్గర అస్సలు వద్దు. యాక్రిలిక్ పని చేసే కొన్నిచోట్ల క్లోరోఫాం వాడతారు. చవక అని పిల్లలు తెచ్చుకుంటే ఇంట్లోకి రానివ్వకండి. మా ఇంట్లో బాల్కనీలో చిన్న మడత బల్ల వేశాం, జిగురు పని అక్కడే.

ఆ బాల్కనీ నుంచి చూస్తే అద్దాల మేడలు కనపడతాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు దాని చుట్టూ బండరాళ్ళే ఎక్కువ ఉండేవని ఇక్కడి పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడు బండరాయి కోసం వెతుక్కోవాలి. మావాడు మేడల ముందువైపు అద్దాలు చూడడు. వెనకవైపు ఏసీ పెట్టెలు, గొట్టాలు, ఇనుప నిచ్చెనలు, నీళ్ళ ట్యాంకులు చూసి బొమ్మ గీసుకుంటాడు. "నౌక వెనక భాగం ఇలాగే ఉండాలమ్మా" అంటాడు. మెదక్ నుంచి వచ్చిన మా వాచ్‌మన్ భార్య కూడా ఓ రోజు నిలబడి చూసి, "ఇది ఎటు ఎగురుతది బిడ్డా?" అని అడిగింది. జవాబు చెప్పడానికి వాడు అరగంట తీసుకున్నాడు.

మా వారికి మాత్రం ఇంకా నచ్చలేదు. ఈఏపీసెట్ (మనకింకా ఎంసెటే అనుకోండి) దగ్గర పడుతుంటే ఇదేమిటంటారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. దీనివల్ల మార్కులొస్తాయని మీకు అబద్ధం చెప్పను. సినిమాల్లో కూడా ఈ పని చాలావరకు కంప్యూటర్ మీదికి వెళ్ళిపోయింది. మేమొక ఒప్పందానికి వచ్చాం. వారం రోజులూ చదువు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నుంచి ఏడింటిదాకా బల్ల. పరీక్షల నెలలో కట్టరు నా బీరువాలో. ఓ ఆదివారం మాత్రం వాడిని ఆదర్శ్‌నగర్ బిర్లా సైన్స్ మ్యూజియానికి మా వారే తీసుకెళ్ళారు, అక్కడి రాకెట్ల నమూనాలు చూపించడానికి. వచ్చాక ఇద్దరూ రాకెట్ల అడుగు భాగం గురించి వాదించుకుంటుంటే నేను వినిపించుకోనట్టు పప్పు ఏరుకుంటూ కూచున్నాను.

పోయిన పెట్టె మాటేమిటంటారా? బండివాడి దగ్గరికి నేనే వెళ్ళాను, ఎప్పుడో తూకం అయిపోయింది. అందుకని మా అంతస్తులో వదినలని, కింది పిన్నిగారిని అడిగాను. "పారేసే ప్లాస్టిక్ ఉంటే నాకివ్వండి" అంటే మొదట వింతగా చూశారు. ఇప్పుడు విరిగిన మౌసులు, పిల్లల బొమ్మలు, పనిచెయ్యని రిమోట్లు తలుపుకి సంచీలో తగిలించి వెళ్తున్నారు. ఒకావిడ ప్రింటరే ఇచ్చేసింది. దాన్ని విప్పితే లోపల పళ్ళచక్రాలు ఎన్నున్నాయనుకున్నారు! గిన్నెలో పోసి కడిగి ఆరబెట్టాను, వడియాల్లా.

మొన్న సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టాం. పై మెట్టు మీద దేవుళ్ళు, మధ్యలో కొండపల్లి ఏనుగు, పెళ్ళి బొమ్మలు, కింది మెట్టు మీద ఇసుక పరిచి దాని మీద వాడి నౌక. పేరంటానికి వచ్చినవాళ్ళు శనగలు తీసుకుని అక్కడే వంగి చూశారు. ఎడమ ఇంజన్ దగ్గర ఎవరో గుర్తుపట్టేశారు, "ఇది మా బాబు చుక్కల మందు సీసా మూత కదండీ!" అని. దుమ్ము దులపాలంటే గుడ్డ వద్దు, సన్న ముక్కలు ఊడిపోతాయి. వాడని మేకప్ బ్రష్షు ఒకటి దానికని తీసిపెట్టాను. శనివారం శనివారం నేనే దులుపుతాను, వాడికి ఇవ్వను.