24 గంటల రేసు, మన నైట్ షిఫ్టు

అజిత్ కుమార్ సినిమా వస్తే కటౌట్‌కు పాలు పోసే పిల్లకాయలు వేలూరులోనూ ఉండారు, మా గుడియాత్తంలోనూ ఉండారు. ఆయన పుట్టింది 1971లో, సికింద్రాబాదులో, అదీ మే డే నాడు. సినిమాల్లోకి రాకముందు ఎన్‌ఫీల్డ్‌లో మెకానిక్ పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత బట్టలు ఎగుమతి చేసే కంపెనీలో ఉద్యోగం చేసినాడు. 2025లో సొంత జట్టు పెట్టుకుని విదేశాల్లో కార్ల రేసులకు తిరిగినాడు. పిల్లకాయలు ఫోన్లో చూపిస్తే నేనూ చూస్తిని. ఆ రేసు నడిచే తీరు చూస్తే మన మిల్లే గుర్తొచ్చింది. అందుకే రాస్తా ఉండా.

మామూలు రేసు గంటకో రెండు గంటలకో అయిపోతుంది. ఇది 24 గంటలు. కారు ఒకటే, తోలేవాళ్లు ముగ్గురో నలుగురో. ఒకరు దిగితే ఒకరు ఎక్కుతారు. మిషను ఆగదు, మనుషులే మారతారు. రింగ్ ఫ్రేము దగ్గర నిలబడినవాళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పాల్సిన పని లేదు. గడువులోపల ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్లది గెలుపు. జీటీ కార్లంటే రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లనే రేసుకు తగినట్టు మార్చి చేసినవి. ఒకే ట్రాక్ మీద గట్టి కార్లూ చిన్న కార్లూ కలిసి పోతాయి, కానీ బహుమతులు తరగతి తరగతికీ వేరువేరు.

అజిత్ పోయిన ఆ రేసుల్లో పెట్రోలు పట్టే చోటు కూడా అందరికీ ఒకటే. మన బంకులో మాదిరి వరస కట్టాల్సిందే. ఎక్కడన్నా కారు గుద్దుకుంటే 60 అంకె వేసిన ఊదారంగు జెండా చూపిస్తారు. అది చూసినాక ఎంతటి మొనగాడైనా గంటకు 60 కిలోమీటర్లకు మించి పోగూడదు. మన కాట్పాడి రోడ్డు మీద సాయంత్రం పూట ఆ జెండా కట్టినా బాగుండు.

మొదటి రేసు జనవరి 11, 12 తేదీల్లో దుబాయిలో. దానికి ముందు అభ్యాసంలో అజిత్ కారు గోడకు కొట్టుకుని గిరగిరా తిరిగింది. దెబ్బ తగల్లేదు. అయినా ఆ కారు తోలడం మానుకుని మిగిలినవాళ్లకు వదిలేసినాడు. యజమాని ఆయనే, పేరు ఆయనదే, డబ్బు ఆయనదే. దిగమని చెప్పేవాడెవడు? తనే దిగినాడు. ఆ కారుకు దాని తరగతిలో 3వ స్థానం వచ్చింది. ఆయన వేరే జట్టు కారు తోలినాడు. నాకు ఆయన సినిమాలన్నిటికంటే ఈ పని నచ్చింది.

మార్చిలో ఇటలీ ముజెల్లోలో 3వ స్థానం, ఏప్రిల్‌లో బెల్జియం స్పాలో 2వ స్థానం. అవి 12 గంటల రేసులు, రెండు రోజులుగా విడగొట్టి నడుపుతారు, రాత్రి కార్లకూ మనుషులకూ విశ్రాంతి. జూలైలో ఇటలీలోనే మిసానో అనే చోట, ట్రాక్ మీద ఆగిపోయిన కారును గుద్దుకున్నాడు. దిగి, అక్కడి పనివాళ్లతో కలిసి తనే విరిగిన ముక్కలు ఏరినాడు. సెప్టెంబరులో బార్సిలోనా 24 గంటల రేసులో మళ్లీ 3వ స్థానం.

ఈ 24 గంటల రేసులకు పెద్దది ఫ్రాన్సులోని లే మాన్. 1923లో మొదలైంది. 1952లో అక్కడ పియరీ లెవెగ్ అనే ఆయన, పక్కన ఇంకో డ్రైవరు ఉండి కూడా దిగకుండా ఒక్కడే తోలినాడు. అందరికంటే ముందున్నాడు. ఇంకా గంటో ఏమో ఉందనగా ఇంజను విరిగిపోయింది. ఇప్పుడు అక్కడ అట్లా కుదరదు. ఏ డ్రైవరూ 6 గంటల్లో 4 గంటలకు మించి తోలగూడదు, మొత్తం మీద 14 గంటలు దాటగూడదు. ఎంత ఓపికున్నా, ఎంత బతిమలాడినా దించేస్తారు.

2025 దాకా మనకూ చట్టం ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం. రోజుకు 9 గంటలు, వారానికి 48, అయిదు గంటల పని మీద అరగంట విశ్రాంతి. కాగితం మీద బాగానే ఉండేది. నేను పనిచేసిన మిల్లులో నైట్ షిఫ్టుకు మనిషి రాకపోతే మేస్త్రి సెకండు షిఫ్టు వాణ్ని గేటు దాటనిచ్చేవాడు కాదు. రెండు షిఫ్టులు వరసగా నిలబడితే తెల్లవారుజామున నాలుగింటికి కళ్లు తెరిచే ఉంటాయి, దారం మాత్రం కనబడదు. అట్లాంటి వేళే మా ఖాతాలో ఒకాయనకు రెండు వేళ్లు పోయినాయి. నష్టపరిహారం ఇచ్చినారు. నిద్ర చాల్లేదనే మాట ఏ కాగితంలోనూ రాయలేదు.

2023 ఏప్రిల్‌లో మన రాష్ట్ర శాసనసభలో 12 గంటల పనికి దారి ఇచ్చే బిల్లు పాస్ చేసినారు. సంఘాలన్నీ లేచినాయి. మే డే నాడు ముఖ్యమంత్రి దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పినారు.

రేసులు డబ్బున్నవాళ్ల ఆట కదా, మనకెందుకు అనే అన్నలు ఉండారు. నిజమే. కోయంబత్తూరు లక్ష్మీ మిల్లు కుటుంబం తెలుగువాళ్లే. ఆ ఇంటి కరివర్ధన్ మారుతి ఇంజను పెట్టి రేసు కార్లు చేయించి కుర్రవాళ్లకు దారి చూపినాడు, 1995లో విమాన ప్రమాదంలో పోయినాడు. చెట్టిపాళయంలో రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టినారు. మిల్లు సొమ్ము రేసుకు పోయిందని నాకు కడుపుమంట లేదు. రేసులో పెట్టుకున్న గంటల లెక్క మిల్లుకు రాలేదే అని మాత్రం అనిపిస్తుంది.

ఇప్పుడు మన వీధుల ఆడపిల్లలు ఆంబూరు, రాణిపేట చెప్పుల కంపెనీలకు వ్యాన్లలో పోతాండారు. మా వీధి వ్యాన్ తోలే అబ్బాయి రాత్రి లోడు బండి తోలి, ఇంటికి కూడా పోకుండా తెల్లారి అయిదింటికే పిల్లల్ని ఎక్కించుకునేవాడు. అతన్ని తిట్టి లాభం లేదు, అతనికీ ఇద్దరు పిల్లలు. తల్లులు నలుగురు పోయి వ్యాన్ యజమానితో మాట్లాడినారు. మొదట రెండో డ్రైవరుకు జీతం ఎవరిస్తారన్నాడు. బేరం మూడు వారాలు సాగింది. పోయిన సోమవారం నుంచి తెల్లవారి ట్రిప్పుకు ఇంకొకాయన వస్తా ఉండాడు.