చేప గ్రుడ్డు పక్వమగు వేళ

"మన చెరువులో బొచ్చెలున్నవి, శీలావతులున్నవి. తొలకరి నాటికి వాని కడుపులు గ్రుడ్లతో నిండియున్నవి. అయినను ప్రతి సంవత్సరము చేపపిల్లలను వెల యిచ్చి ఏల కొనవలెను?" అను ప్రశ్న గ్రామములలో తరచుగా వినవచ్చుచుండును. పంచాయతీ ధనముతో ముడిపడిన ప్రశ్న యగుటచే దీని సమాధానమును ప్రతి సభ్యుడును తెలిసికొనుట యుక్తము.

కొర్రమీను వంటి చేపలు చెరువులోనే గ్రుడ్లు పెట్టి పిల్లలను కాచుకొనును. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అట్లు చేయవు. ఇవి నదీజలములకు చెందినవి. వరద వచ్చి నీరు పారి, పల్లపు మైదానములు మునిగిన వేళనే ఇవి గ్రుడ్లు విడుచును. నిలువనీటిలో పెరిగిన తల్లిచేప కడుపులో గ్రుడ్డు పెరుగును గాని పక్వము కాదు. ఒక హద్దు వరకు వచ్చి, అచ్చట ఆగి వేచియుండును. తగిన పిలుపు రానిచో కొంతకాలమునకు తల్లి శరీరమే ఆ గ్రుడ్లను కరగించి తనలో ఇముడ్చుకొనును.

గ్రుడ్డు ఏల వేచియుండును?

గ్రుడ్డు ఒకే ఒక జీవకణము. కొన్ని నెలలపాటు అది పిల్లకు వలయు ఆహారమును తనలో కూడబెట్టుకొని పెద్దదగును. దాని నడుమ కేంద్రకము, అందు వంశలక్షణములను మోయు క్రోమోజోములు ఉండును. తండ్రి నుండి సగము, తల్లి నుండి సగము కలిసిననే పిల్ల కలుగును. కావున గ్రుడ్డు ముందుగా తన క్రోమోజోములను సగమునకు తగ్గించుకొనవలెను. ఈ పనిని అది బాల్యముననే ఆరంభించి, నడుమ నిలిపివేయును. ఆహారము కూడకమునుపే పని ముగిసినచో పిల్లకు బలముండదు. వరద రాకమునుపే ముగిసినచో పిల్లకు తావుండదు. గ్రుడ్డు ఓర్చి యుండుట ఇందులకే.

పిలుపు వచ్చు మార్గము

వరదకాలమున నీటి పోకడలో కలుగు మార్పులను చేప మెదడు గ్రహించును. మెదడు తన క్రిందనే యున్న పీయూష గ్రంథికి కబురంపును. ఆ గ్రంథి ఒక హార్మోనును రక్తములోనికి విడుచును. ఆ హార్మోను గ్రుడ్డును నేరుగా కదలింపదు. గ్రుడ్డు చుట్టును పొరవలె అమరియున్న చిన్న కణములను మేల్కొలుపును. ఆ కణములు మరియొక ద్రవ్యమును తయారుచేసి గ్రుడ్డునకు అందించును. ఆ ద్రవ్యమేదియో 1985లో జపాను శాస్త్రజ్ఞులు సాల్మను చేపలయందు గుర్తించిరి. కార్పు జాతులయందును అదియే పనిచేయుచున్నది.

గ్రుడ్డు లోపల ఏమి జరుగునో కప్పలపై జరిగిన పరిశోధన వెల్లడించినది. మసూయి, మార్కర్ట్ అను శాస్త్రజ్ఞులు పక్వమైన కప్ప గ్రుడ్డులోని రసమును కొంచెము తీసి, పక్వము కాని గ్రుడ్డులోనికి ఎక్కించిరి. వెలుపలి హార్మోను లేకయే ఆ గ్రుడ్డు పక్వమయ్యెను. 1971లో ఈ ఫలితము ప్రకటితమైనది. ఆ రసమందు రెండు మాంసకృత్తులు జతగా పనిచేయునని తరువాత తేలినది. చెరువు కార్పులకు దగ్గరి చుట్టమైన బంగారు చేపయందు ఈ జతలో ఒకటి ముందుగనే గ్రుడ్డులో సిద్ధముగా నుండును. సైక్లిను అనబడు రెండవది పిలుపు అందిన పిదపనే తయారగును. రెండును కలిసిన తోడనే కేంద్రకపు పొర కరగును, ఆగియున్న పని ముందుకు సాగును.

అటుపిమ్మట గ్రుడ్డు మరల ఒకసారి ఆగును. ఈసారి అది వేచియుండుట మగచేప బీజకణము కొరకు. బీజకణము ప్రవేశించిననే తక్కిన పని పూర్తియగును. అయితే ఈ రెండవ నిరీక్షణ అతి స్వల్పము. నీటిలో పడిన గ్రుడ్డు ఒకటి రెండు నిమిషములలోనే ఫలదీకరణశక్తిని కోల్పోవును. పక్వమైన గ్రుడ్లు తల్లి కడుపులోనే నిలిచిపోయినను కొద్ది గంటలలో చెడిపోవును.

ఆంగుల్‌లో జరిగిన కృషి

పూర్వము చేపపిల్లల కొరకు నదులలో వలలు పన్నవలసియుండెను. అట్లు పట్టిన పిల్లలలో మంచి జాతులతోపాటు, వానిని తినివేయు జాతులును కలిసి వచ్చుచుండెను. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని ఆంగుల్ వద్ద డాక్టరు హీరాలాల్ చౌధురి ఒక చేప పీయూష గ్రంథి రసమును కార్పు చేపలకు సూదిమందుగా ఇచ్చి, నిలువనీటిలోనే వానిచే గ్రుడ్లు పెట్టించిరి. వరద ఇయ్యవలసిన కబురును సూది ఇచ్చినదన్నమాట. ఆ దినమును దేశమంతట జాతీయ మత్స్యరైతు దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

నేడు గ్రంథిరసమునకు బదులు తయారు మందులు వాడుకలో నున్నవి. కార్పు చేప మెదడులో డోపమిను అను ద్రవ్యము పీయూష గ్రంథిని అణచి ఉంచును. ఈ మందులలో ఒక భాగము ఆ అడ్డును తొలగించును, రెండవ భాగము గ్రంథిని పురికొల్పును.

పంచాయతీలు గమనింపవలసినవి

సూదిమందు చివరి మెట్టును మాత్రమే ఎక్కించును. ముదిరిన కాయను గడ్డిలో మాగవేసి పండింపవచ్చును గాని, పిందెను పండింపజాలము. ఎదగని గ్రుడ్డునకు సూది వేసినచో తల్లిచేప నష్టపడును, పిల్లలును దక్కవు. కావున మంచి ఉత్పత్తి కేంద్రములలో తల్లిచేపలను వేసవికి ముందునుండియే వేరుగా నుంచి మేపుదురు. కడుపు మెత్తబడి నిండిన ఆడుచేపలను, మెల్లగా నొక్కినంతనే పాలవంటి బీజద్రవము కారు మగచేపలను ఏరుదురు. సన్నని గొట్టముతో రెండు మూడు గ్రుడ్లను తీసి సూక్ష్మదర్శినిలో పరిశీలించుటయు కలదు. కేంద్రకము నడుమనుండి అంచునకు జరిగియున్నచో గ్రుడ్డు పిలుపునకు సిద్ధముగా నున్నదని గుర్తు.

పిల్లలను కొనుటకు ముందు సభ్యులు ఒకసారి ఆ కేంద్రమునకు వెళ్లి చూచుట మంచిది. తల్లిచేపల వయస్సెంత, వానిని ఎట్లు మేపుచున్నారు, ఏటేట ఒకే కుదురు చేపలను జతగూర్చుచున్నారా అని ప్రశ్నింపవలెను. ఒకే కుదురులో జతలు సాగినచో పిల్లల ఎదుగుదల క్షీణించును. ఏ జాతి పిల్ల ఎన్ని యున్నవో వ్రాతపూర్వకముగా కోరవలెను. గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన పిల్లలను చెరువులో నేరుగా వదలక, నారుమడి వంటి చిన్న కుంటలలో వ్రేలెడు పొడవు వరకు పెంచి విడిచినచో ఎక్కువ దక్కును. చెరువు నిండు వేళకు పిల్లలు సిద్ధముగా నుండవలెనన్న, ఆలోచన వేసవిలోనే మొదలు కావలెను.

విత్తనపు వడ్లను కొనునపుడు రైతు గింజను కొరికి చూచును. చేప విత్తనము విషయమునను అంతటి జాగ్రత్త వహించినచో పంచాయతీ పెట్టిన ప్రతి రూపాయియు చెరువునుండి తిరిగి వచ్చును.