రాయబారి కావాలంటే ఏం చదవాలి?



పెద్దయ్యాక ఏం అవుతావు అని ఎవరైనా అడిగితే మనం టీచరు, నర్సు, పోలీసు, కలెక్టరు అని చెప్తాం. రాయబారి అవుతాను అని మన బడిలో ఒక్కరు కూడా చెప్పగా నేను వినలేదు. అట్లాంటి ఉద్యోగం ఒకటుందని తెలిస్తే గదా చెప్పేది! అందుకే ఈసారి గోడపత్రికకు ఈ సంగతి రాస్తున్నాను.

దౌత్యం అంటే ఏమిటి?

మా వైపు రెండు గూడేల మధ్య తగువు వస్తే ఈ గూడెం పట్లా, ఆ గూడెం పట్లా కూర్చొని మాట్లాడుకుంటారు. అక్కడ తెగకపోతే రాయి సెంటర్‌లో సార్‌మేడి దగ్గరికి పోతారు. దేశాల మధ్య కూడా ఇట్లాగే మాట్లాడుకోవాలి. దాన్నే దౌత్యం అంటారు. వేరే దేశంలో ఉండి మన దేశం తరఫున మాట్లాడే పెద్ద అధికారి రాయబారి. ఆ ఆఫీసును రాయబార కార్యాలయం అంటారు, మామూలుగా ఎంబసీ అంటారు. వేరే నగరాల్లో ఉండే చిన్న ఆఫీసులు కాన్సులేట్లు.

దీనికి రాసుకున్న కట్టుబాట్లు ఉన్నాయి. పరాయి దేశం నుంచి వచ్చిన రాయబారిని అరెస్టు చేయకూడదని 1961లో వియన్నా నగరంలో ఒప్పందం చేసుకున్నారు. 1963లో అక్కడే ఇంకో ఒప్పందం అయింది. దాని ప్రకారం మన మనిషిని పరాయి దేశంలో జైల్లో పెడితే, అతను కోరినప్పుడు ఆ సంగతి మన కాన్సులేటుకు చెప్పాలి.

దీంతో మనకేం పని?

చాలా పని ఉంది. మన జిల్లాల నుంచి ఎంతోమంది గల్ఫ్ దేశాలకు కూలికి పోతున్నారు. నేను మామయ్య అని పిలిచే ఒకాయన అక్కడే చనిపోయాడు. శవం ఇంటికి రావడానికి నలభై రోజులు పట్టింది. అత్తకు ఎవరిని అడగాలో తెలీదు. పంపిన ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. శవం రావాలంటే అక్కడి మన ఎంబసీలో మరణం నమోదు చేయాలి, పాస్‌పోర్టు రద్దు చేయాలి, అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ కాగితాలు రాసే చోట గూడెం సంగతి తెలిసిన మనిషి ఒకరుంటే అత్తలాంటి వాళ్ళకు ఎంత ధైర్యం!

ఇంకొకటి. మనం ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేసుకుంటాం, డోలు కొడతాం, ఆడతాం. ఆ తారీఖు ఎక్కడిదో తెలుసా? ఆదివాసుల గురించి ఐక్యరాజ్యసమితి పెట్టిన బృందం 1982లో ఆ రోజున మొదటిసారి కూర్చుంది. అందుకని ఆ రోజును 1994లో ఖాయం చేశారు. 2007 సెప్టెంబర్ 13న ఆదివాసుల హక్కుల ప్రకటన మీద ఐక్యరాజ్యసమితిలో ఓట్లు వేశారు. 144 దేశాలు అవునన్నాయి, 4 కాదన్నాయి. మన దేశం అవునంది. కానీ ఆదివాసుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో చేసిన 169వ నంబరు ఒప్పందాన్ని మన దేశం ఒప్పుకోలేదు. ఒకచోట అవునని, ఇంకోచోట కాదని ఎందుకంటారు? ఇట్లాంటి సంగతులు తెలుసుకునే చదువునే అంతర్జాతీయ సంబంధాలు, దౌత్యం అంటారు.

హబ్సిగూడలో నేను తెలుసుకున్నది

మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో హబ్సిగూడలో రూములో ఉంటూ ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతుంది. ఎండాకాలం సెలవుల్లో ఆమె దగ్గర పది రోజులున్నాను. అక్క విదేశంలో ఈ చదువు ఎం.ఏ. చేయాలని అప్లికేషన్లు రాస్తుంది.

హబ్సిగూడ అంటే మన గూడెం లాంటిదే అనుకున్నాను. హబ్షీ అంటే అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు నుంచి వచ్చిన ఆఫ్రికావాళ్ళు. వాళ్ళ మీదనే ఈ పేరు వచ్చిందని చెప్తారు. నిజాం సైన్యంలో ఆఫ్రికా గుర్రపు దళం ఉండేది. నగరంలో ఏ.సి. గార్డ్స్ అనే చోటుకు ఆ పేరు అట్లానే వచ్చింది. చూడండి, మెట్రో స్టేషన్ పేరులోనే రెండు దేశాల సంబంధం ఉంది!

హబ్సిగూడ పక్కనే తార్నాక. అక్కడికి దగ్గర్లో 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ, దాని పక్కన ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఉన్నాయి. అక్కడ ఫ్రెంచి, అరబ్బీ, స్పానిష్, రష్యన్ లాంటి భాషలు నేర్పుతారు. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలు: అరబ్బీ, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్.

ఉస్మానియాలో ఒకప్పుడు హైమండార్ఫ్ దొర పాఠం చెప్పాడు. ఆయనది ఆస్ట్రియా దేశం, లండన్‌లో చదివాడు. 1940లో కుమ్రం భీం చనిపోయాక గోండుల బతుకు చూడడానికి నిజాం ప్రభుత్వం ఆయన్ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండి పిల్లల చదువుకు దారి వేశాడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి అక్కడే ఉంది. వాళ్ళు అంత దూరం నుంచి వచ్చి మన గురించి చదివి పుస్తకాలు రాశారు. మనం అక్కడికి పోయి వాళ్ళ గురించి చదవకూడదా అని అక్క అంటుంది.

అక్కడ ఏం నేర్పుతారు?

బ్రిటన్‌లో ఈ ఎం.ఏ. ఎక్కువగా ఒక సంవత్సరం, అమెరికాలో రెండు సంవత్సరాలు. దేశాల చరిత్ర, అంతర్జాతీయ చట్టం, వ్యాపారం, యుద్ధాలు ఎందుకు వస్తాయి, ఎట్లా ఆగుతాయి అనేవి పాఠాలు. పిల్లలను దేశాలుగా పంచి బేరం ఆడిస్తారు కూడా. చివరికి ఒక పెద్ద వ్యాసం రాయాలి. పేరున్న చోట్లలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 1895లో, జెనీవాలోని ఇన్‌స్టిట్యూట్ 1927లో మొదలయ్యాయి. చేరాలంటే ముందు డిగ్రీ ఉండాలి, ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లాంటి ఇంగ్లీషు పరీక్ష రాయాలి, ఈ చదువు ఎందుకు కావాలో సొంతంగా రాసి పంపాలి.

ఇంతకుముందు పోయినవాళ్ళు

కె.ఆర్. నారాయణన్ కేరళలో పేద దళిత కుటుంబంలో పుట్టారు. మైళ్ళ దూరం నడిచి బడికి పోయేవారు. టాటా స్కాలర్‌షిప్‌తో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి, 1949లో విదేశాంగ సర్వీసులో చేరారు. చైనాలో, అమెరికాలో రాయబారిగా పని చేశారు. 1997లో రాష్ట్రపతి అయ్యారు. జైపాల్ సింగ్ ముండా ఆదివాసి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడారు.

డబ్బు సంగతి

కుదువ పెట్టడానికి మన పొలాలు అంత విలువ చేయవు. అందుకని స్కాలర్‌షిప్పే దారి. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి దేశం మొత్తం మీద 20 మందికి ఇస్తుంది. అందులో 3 చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి లాంటి మరీ వెనుకబడిన తెగల వాళ్ళకు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. షరతులు మారుతుంటాయి, ఐ.టి.డి.ఎ. ఆఫీసులో కనుక్కోవాలి.

ఇక్కడొక చిక్కు ఉంది. విద్యానిధి డబ్బు రెండు విడతలుగా వస్తుంది. అక్కడికి చేరినట్టు కాగితం చూపిస్తే ఒకటి, మొదటి సెమిస్టర్ ఫలితం చూపిస్తే ఇంకొకటి. అంటే పరీక్ష ఫీజు, పాస్‌పోర్టు, వీసా, పోయేటప్పటి ఖర్చు ముందు మన చేతి నుంచి పోవాలి. అక్క బెంగ అదే. పెద్దమ్మ ఈ ఏడు పత్తి పైసల్లో సగం పక్కన పెట్టింది. అది సరిపోతుందో లేదో ఇంకా తెలీదు.

పోకపోతే కాలేమా?

కావచ్చు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మన దేశం తరఫున రాయబారి కావడానికి విదేశీ చదువు అక్కరలేదు. ఏ డిగ్రీ అయినా చాలు. కలెక్టరు కావడానికి రాసే సివిల్స్ పరీక్షే రాసి విదేశాంగ సర్వీసు కోరుకోవచ్చు. ఎస్.టి. వాళ్ళు 37 ఏళ్ళ వరకు రాయవచ్చు. ఎంపికైనవాళ్ళకు ఒక విదేశీ భాష నేర్పుతారు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్ ఆ సర్వీసులో ఉండి 2016 నుంచి 2020 వరకు ఐక్యరాజ్యసమితిలో మన దేశ ప్రతినిధిగా పని చేశారు. విదేశీ ఎం.ఏ. ముఖ్యంగా ఐక్యరాజ్యసమితి సంస్థల్లో పనికి, పరిశోధనకు ఉపయోగపడుతుంది.

ఇప్పుడు మనం చేయాల్సినవి

1. సోషల్ పుస్తకంలో పటాలు చూసి రోజుకొక దేశం గుర్తుపట్టడం.
2. పేపర్లో విదేశీ వార్త ఒకటి చదివి మూడు వాక్యాలు సొంతంగా రాయడం.
3. పేరు, పుట్టిన తేదీ బడి రికార్డులో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో చూసుకోవడం. తేడా ఉంటే పదో తరగతి మెమో రాకముందే సార్‌తో చెప్పి సరిచేయించుకోవాలి. పాస్‌పోర్టు అప్పుడు ఇదే పెద్ద ఇబ్బంది అని అక్క చెప్పింది.
4. ఇంట్లో మాట్లాడే గోండి, కొలామి, కోయ మాటలకు సిగ్గుపడకపోవడం. ఇంట్లో ఒకటి, బడిలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ, అంటే మనకు ఇప్పటికే నాలుగు భాషల అలవాటు ఉంది. ఐదోది అంత కష్టం కాదు.

ఎవరికైనా సందేహాలుంటే చీటీ రాసి ఈ పత్రిక కింద కట్టిన డబ్బాలో వేయండి. ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు అక్కను అడిగి వచ్చే సంచికలో జవాబులు రాస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని