160 అనుకుంటే 70 మాత్రమే: కస్టమర్ ఆగి చదివే మెసేజ్ తెలుగులో రాయడం ఎలా?

పొద్దున లేవగానే ఫోన్ తీస్తే లాక్ స్క్రీన్ మీద ఏముంటాయి? రెండు ఫుడ్ యాప్‌ల నోటిఫికేషన్లు, ఓ లోన్ ఆఫర్, ఎప్పుడో ఒకసారి చొక్కా కొన్న బట్టల షాపు ఎస్ఎంఎస్, అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్. వీటిలో ఎన్ని చదువుతాం? చాలావరకు వేలితో పక్కకి తోసేస్తాం, అంతే.

ఇప్పుడు సీన్ రివర్స్ చేద్దాం. ఆ మెసేజ్ పంపాల్సింది మీరే అయితే? మీరో యాప్ తయారు చేశారు, లేదా ఇన్‌స్టాలో ఫోన్ కేసులు అమ్ముతున్నారు, లేదా ఇంట్లో వాళ్ల షాపుకి ‘డిజిటల్ పనులు’ అన్నీ మీ నెత్తినే పడ్డాయి. కస్టమర్ వేలు ఆగేలా ఏం రాయాలి? ఆగాక నమ్మేలా ఎలా రాయాలి? ఈ స్టోరీలో ఆ సంగతే చూద్దాం.

333 మందితో ఆగిపోయిన దసరా ఆఫర్

సూర్యాపేటలో మా చిన్నాన్న కొడుకు మొబైల్ సర్వీసింగ్ షాపు నడుపుతాడు. బిల్లు పుస్తకంలో 800 మంది కస్టమర్ల నంబర్లు ఉన్నాయి. దసరాకి అందరికీ ఆఫర్ మెసేజ్ పంపుదామని వెయ్యి ఎస్ఎంఎస్ క్రెడిట్లు కొన్నాడు. 800 మందికి వెయ్యి క్రెడిట్లంటే ఎక్కువే కదా అనుకున్నాడు. మెసేజ్ కూడా తనే తెలుగులో రాశాడు:

“బంపర్ ఆఫర్! బంపర్ ఆఫర్!! మీ కోసమే ప్రత్యేకంగా! అన్ని సర్వీసులపై భారీ డిస్కౌంట్. ఈ రోజే చివరి రోజు! త్వరపడండి!!” ఆ కింద అడ్రస్, ఇంకో లింకు.

333 మందికి వెళ్లేసరికి క్రెడిట్లు ఖాళీ. తిరిగి వచ్చిన ఫోన్లు రెండే. ఒకాయన “ఇలాంటివి పంపకు బాబూ” అన్నాడు. రెండో ఆయన “ఇది నువ్వేనా, ఎవరైనా ఫ్రాడ్ వాళ్లా?” అని అడిగాడు.

అంతకన్నా పెద్ద దెబ్బ తర్వాత వారం తగిలింది. రిపేర్ అయిపోయిన ఫోన్ కోసం ఓ టీచర్ గారికి “మీ ఫోన్ రెడీ, వివరాలకు లింక్ నొక్కండి” అని మెసేజ్ వెళ్లింది. ఆవిడ మోసమనుకుని నంబర్ బ్లాక్ చేశారు. ఫోన్ వారం రోజులు షాపులోనే ఉండిపోయింది. “డబ్బులు పోతే పోయాయి అన్నా, ఆరేళ్ల నుంచి వస్తున్నావిడ నన్ను దొంగనుకుంది” అన్నాడు మా వాడు.

క్రెడిట్లు ఎందుకు అయిపోయాయి, ఆవిడ ఎందుకు నమ్మలేదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మెసేజ్ రాసిన తీరులోనే ఉంది.

అసలు లెక్క: 140 బైట్లు

ఎస్ఎంఎస్ అంటే 160 క్యారెక్టర్లు అని అందరికీ తెలుసు. 1992 డిసెంబర్ 3న తొలి ఎస్ఎంఎస్ వెళ్లినప్పటి నుంచి దాని సైజు మారలేదు: ఒక్కో మెసేజ్‌కి 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు సరిపోతాయి కాబట్టి అందులో 160 పడతాయి. తెలుగు ఆ పాత అక్షరాల పట్టికలో లేదు. అందుకే తెలుగు మెసేజ్ సాధారణంగా యూనికోడ్‌లో వెళ్తుంది. ఒక్కో క్యారెక్టర్‌కి 2 బైట్లు, అంటే మొత్తం 70 మాత్రమే.

70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది. ముక్కల్ని తిరిగి అతికించే సమాచారానికి 6 బైట్లు పోతాయి కాబట్టి ఒక్కో ముక్కలో 67 మాత్రమే పడతాయి. క్రెడిట్ ఒక్కో ముక్కకి ఒకటి. మా వాడి మెసేజ్ మూడు ముక్కలైంది. వెయ్యిని మూడుతో భాగిస్తే 333. లెక్క సరిపోయింది కదా!

ఇంకో మెలిక ఉంది. తెలుగులో మన కంటికి కనిపించే అక్షరం వేరు, ఫోన్ లెక్కపెట్టే క్యారెక్టర్ వేరు. ‘స్క్రీన్’ అనే మాట మనకి రెండక్షరాలే. ఫోన్‌కి అది స, పొల్లు, క, పొల్లు, ర, దీర్ఘం, న, పొల్లు, మొత్తం 8. దానికి ‘లో’ కలిపి ‘స్క్రీన్‌లో’ అని టైప్ చేస్తే, మధ్యలో అక్షరాలు అతుక్కోకుండా ఆపే కనిపించని క్యారెక్టర్ ఒకటి చేరొచ్చు. దానికీ లెక్క పడుతుంది. అంటే ఒత్తులున్న మాటలు ఖరీదు. ‘ప్రత్యేకంగా’ బదులు ‘మీకే’ అంటే అర్థం దాదాపు అదే, ఖర్చు సగం కన్నా తక్కువ.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకీ ఈ ఉచ్చు ఉంది. రూపాయి గుర్తు (₹) ఆ పాత పట్టికలో లేదు. 150 క్యారెక్టర్ల ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క ₹ పెడితే చాలు, మొత్తం యూనికోడ్‌లోకి మారిపోయి 1 క్రెడిట్ కాస్తా 3 అవుతుంది. ఎమోజీ పెట్టినా, వర్డ్ ఫైల్ నుంచి వంకర కొటేషన్ గుర్తులు కాపీ చేసినా ఇదే కథ. పైగా చాలా ఎమోజీలు ఒక్కోటి రెండు క్యారెక్టర్లు తింటాయి. బల్క్ ఎస్ఎంఎస్‌లలో చాలామంది ఇంకా ‘ఆర్ఎస్’ అనే రాయడానికి ఇదో కారణం.

అలాగని తెలుగు మానేయమని కాదు. మీ కస్టమర్ తెలుగులో చదివేవారైతే తెలుగులోనే రాయండి. కాకపోతే పంపే ముందు క్యారెక్టర్ కౌంటర్‌లో పేస్ట్ చేసి చూసుకోండి.

నచ్చినట్టు పంపేస్తామంటే కుదరదు

మన దేశంలో వ్యాపార ఎస్ఎంఎస్‌లకి ట్రాయ్ 2018లో తెచ్చిన రూల్స్ ఉన్నాయి. వాటి ప్రకారం డీఎల్‌టీ ప్లాట్‌ఫామ్‌లో మీ సంస్థ, మెసేజ్ పైన కనిపించే హెడర్, చివరికి మెసేజ్ టెంప్లేట్ కూడా ముందే రిజిస్టర్ చేయించాలి. పేరు, బిల్లు మొత్తం లాంటి మారే భాగాలకి మాత్రమే ఖాళీలు వదలొచ్చు. 2024 అక్టోబర్ నుంచి వైట్‌లిస్ట్ చేయని లింకులున్న మెసేజ్‌లని ఆపరేటర్లు ఆపేస్తున్నారు.

మీ ఫోన్‌లో ఇప్పుడే ఒకసారి చూడండి. హెడర్ చివర పీ, ఎస్, టీ, జీ అనే అక్షరాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. పీ అంటే ప్రమోషన్, ఎస్ అంటే సర్వీస్, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. అంటే మీది ప్రకటన అని కస్టమర్‌కి చదవకముందే తెలిసిపోతుంది. దాచే ప్రయత్నం దండగ.

‘ఇదంతా ఎందుకు, నా సొంత సిమ్ నుంచే 800 మందికి పంపేస్తా’ అనుకుంటున్నారా? వద్దు. కంప్లైంట్లు వస్తే నంబర్ కట్ అవుతుంది. షాపు బోర్డు మీద ఉన్న నంబరే పోతే ఆఫర్ సంగతి అటుంచండి, ఉన్న గిరాకీ కూడా పోతుంది.

లాక్ స్క్రీన్ మీద మొదటి లైనే మొత్తం మెసేజ్

నోటిఫికేషన్ మడిచి ఉన్నప్పుడు కనిపించేది టైటిల్, దాని కింద ఒక లైన్. మిగతాది చూడాలంటే కస్టమర్ లాగి చూడాలి. ఆ కష్టం ఎవరు పడతారు? కాబట్టి అసలు విషయం మొదటి నాలుగైదు మాటల్లోనే రావాలి. “ప్రియమైన కస్టమర్, మా సంస్థ తరఫున దసరా శుభాకాంక్షలు” అని మొదలెడితే కనిపించే లైన్ అక్కడితోనే అయిపోతుంది.

యాప్ చేసేవాళ్లకి ఇంకో విషయం. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యాప్ నోటిఫికేషన్ పంపాలంటే యూజర్‌ని అడిగి పర్మిషన్ తీసుకోవాలి. ఆండ్రాయిడ్ 8 నుంచే నోటిఫికేషన్ ఛానెళ్లు ఉన్నాయి. ఆర్డర్ అప్‌డేట్లకి ఒక ఛానెల్, ఆఫర్లకి వేరే ఛానెల్ పెడితే, ఆఫర్లతో విసిగిన యూజర్ ఆ ఒక్కటే ఆపుకుంటాడు. రెండూ ఒకే ఛానెల్‌లో కలిపితే మొత్తం ఆపేస్తాడు, ‘మీ ఆర్డర్ వచ్చింది’ అనే మెసేజ్‌తో సహా. ఐఫోన్ యాప్‌లకి యాపిల్ రూల్ కూడా ఇలాంటిదే: ప్రమోషన్ నోటిఫికేషన్లు పంపాలంటే యూజర్ విడిగా ఒప్పుకోవాలి, వద్దనుకుంటే ఆపే దారి యాప్‌లోనే ఉండాలి.

వాట్సాప్: చనువు ఉంది, ప్రమాదమూ ఉంది

చిన్న షాపులకి వాట్సాప్ బిజినెస్ యాప్ బాగా పనికొస్తుంది. కేటలాగ్, లేబుల్స్, క్విక్ రిప్లైలు అన్నీ ఉన్నాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పెట్టుకోవచ్చు. కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు. నిజానికి ఇదో ఫిల్టర్. నంబర్ సేవ్ చేసుకున్నారంటే మీతో పని ఉందనే కదా!

అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే అడగాలి: “అన్నా, ఈ నంబర్ సేవ్ చేసుకోండి, ఫోన్ రెడీ అవగానే ఇక్కడే చెప్తాం. ఆఫర్లు కూడా పంపమంటారా?” ఈ ఒక్క ప్రశ్నతో వచ్చే వంద నంబర్లు, ఎక్కడో కొన్న పదివేల నంబర్ల కన్నా నయం.

వాట్సాప్‌లో మెసేజ్ కుటుంబ సభ్యుల చాట్‌ల మధ్యలో వచ్చి కూర్చుంటుంది. కాబట్టి అక్కడ పాంప్లెట్ భాష ఎబ్బెట్టుగా ఉంటుంది. కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడతారో అలాగే రాయండి.

మోసగాడి భాష మనకొద్దు

టీచర్ గారి విషయానికి వద్దాం. ‘ఈ రాత్రికి మీ కరెంట్ కట్ చేస్తాం’, ‘కేవైసీ ఈ రోజే చివరి రోజు’, ‘వెంటనే లింక్ నొక్కండి’ లాంటివి చూడని ఫోన్ లేదు. ఈ మోసాలన్నీ ఒకే పద్ధతిలో నడుస్తాయి: భయం, తొందర, లింకు. ఎవరు పంపారో మాత్రం స్పష్టంగా ఉండదు.

ఇప్పుడు మా వాడి ఆఫర్ మళ్లీ చదవండి. తొందర ఉంది, లింకు ఉంది, మొదట్లో పేరు లేదు. ఆవిడ తప్పేముంది? అనుమానం వస్తే నొక్కొద్దని, సంచార్ సాథీలోని చక్షులో రిపోర్ట్ చేయమని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని మనమే అందరికీ చెప్తున్నాం. ఆవిడ అలా జాగ్రత్తపడ్డారు. జాగ్రత్తగా ఉన్న కస్టమర్ నమ్మేలా రాయడం మన పని.

అబద్ధపు తొందర ఇప్పుడు రూల్స్‌కీ విరుద్ధం. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 డార్క్ ప్యాటర్న్‌ల లిస్టు ఉంది. లేని కొరత, లేని గడువు చూపించి కొనిపించడం అందులో ఒకటి. ‘వద్దులే, నాకు డబ్బు ఆదా అక్కర్లేదు’ లాంటి బటన్‌తో సిగ్గుపడేలా చేయడం ఇంకోటి. ఆఫర్ నిజంగా ఆదివారంతో ముగిస్తే ఆదివారం అని రాయండి. సోమవారం కూడా అదే రేటు ఇస్తే, ఈసారి మీ ‘చివరి రోజు’ని ఎవరూ పట్టించుకోరు.

తిరగరాస్తే ఇలా వచ్చింది

ఇద్దరం కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకున్నాం. ఎవరికి? వాళ్ల ఇబ్బంది ఏంటి? మనం చేసేదేంటి? ఎప్పటిదాకా? బిల్లు పుస్తకం తిరగేసి, ఫోన్ కొని రెండేళ్లు దాటినవాళ్లని విడిగా తీశాం. వాళ్లందరికీ ఉండే ఇబ్బంది ఒకటే, బ్యాటరీ. అప్పుడు రాసింది ఇది:

“మీ ఫోన్ బ్యాటరీ త్వరగా దిగుతోందా? ఆదివారం దాకా ఉచిత చెకప్.”

ఖాళీలు, గుర్తులతో కలిపి 58 క్యారెక్టర్లు. 70లో ఇంకా 12 మిగిలాయి. షాపు పేరు అందులో పట్టింది. ఒక మెసేజ్‌కి ఒకే క్రెడిట్. లింకు లేదు, ఆశ్చర్యార్థకాలు లేవు, ‘బంపర్’ లేదు. షాపు ఎక్కడుందో పాత కస్టమర్లకి తెలుసు కాబట్టి అడ్రస్ కూడా అక్కర్లేదు.

రిపేర్ మెసేజ్ కూడా మార్చాం: “మీ ఫోన్ రెడీ. బిల్లు 1200. రాత్రి 8 లోపు రండి.” చివర షాపు పేరు. నొక్కడానికి ఏమీ లేనప్పుడు భయపడటానికీ ఏమీ ఉండదు. చెప్పిన టైమ్‌కి, చెప్పిన బిల్లుకే ఫోన్ చేతికొస్తే అంతకన్నా మంచి మార్కెటింగ్ ఇంకేముంటుంది?

ఏది పనిచేసిందో తెలిసేదెలా?

కస్టమర్లని రెండు గుంపులు చేయండి. రెండిటికీ ఒకే రోజు, ఒకే టైమ్‌కి పంపండి. ఒక్క విషయమే మార్చండి. ఒకదానికి ప్రశ్నతో మొదలుపెట్టండి, రెండో దానికి నేరుగా ఆఫర్ చెప్పండి. షాపుకి వచ్చినవాళ్లని ‘మెసేజ్ చూసి వచ్చారా?’ అని అడిగి టిక్కు పెట్టుకోండి. అయితే వంద మందిలో ఒకవైపు నలుగురు, ఇంకోవైపు ఐదుగురు వస్తే అది తేడా కాదు. రెండు మూడుసార్లు చేశాకే నిర్ణయానికి రండి.

వచ్చినవాళ్లతో పాటు ‘ఆపెయ్యండి’ అన్నవాళ్లనీ లెక్కపెట్టండి. పది మందిని రప్పించి యాభై మందిని పోగొట్టిన మెసేజ్ హిట్ కాదు.

పంపే ముందు ఆఖరి టెస్ట్ ఒకటి. మెసేజ్‌ని మీ అమ్మకి పంపి చూడండి. “ఇది ఎవరు పంపారు? ఏం చేయమంటున్నారు?” అని అడగండి. ఆవిడ రెండిటికీ చెప్పగలిగితే పంపేయండి. “ఏదో ఫ్రాడ్‌లా ఉందిరా” అంటే మళ్లీ రాయండి.

మా వాడి దగ్గర అదే జరిగింది. ఈసారి మెసేజ్ వెళ్లాక కూడా ఫోన్లు వచ్చాయి. కానీ ‘ఇది నువ్వేనా?’ అని ఎవరూ అడగలేదు. “ఆదివారం ఎన్నింటిదాకా ఉంటావు?” అని అడిగారు.