పడవ యంత్రమునకు కార్బురేటరు మార్చుట

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. తాండూరు ప్రక్కగా పాఱు కాగ్నానది భీమానదిలో కలియుచున్నది. వేసవిలో ఇసుక మాత్రమే కనబడు ఏరులును వానకాలమున పొంగి త్రోవలను ముంచివేయును. 2020 అక్టోబరు మాసమున హైదరాబాదునందు కుంభవృష్టి కురిసి పేటలు మునిగినపుడు జనులను పడవలపై గట్టుకు చేర్చిరి. ఇట్టి పడవల వెనుక తగిలించు యంత్రము నట్టేట ఆగినచో ప్రాణములకే ముప్పు. కావున అందలి కార్బురేటరు అను చిన్న భాగమును గూర్చి తెలిసికొనుట మనకు నిరుపయోగము గాదు.

నార్వే దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్రూడ్ అను నాతడు 1909 సంవత్సరమున ఇట్టి యంత్రములను అమ్మకమునకు తెచ్చెను. వాని బలము సుమారు 1½ అశ్వశక్తి మాత్రమే. నేడు అంతకు పదింతలు, నూఱింతలు బలముగలవియు కలవు.

కార్బురేటరు చేయు పని యేమి? పెట్రోలు ద్రవరూపమున చక్కగా మండదు. గాలితో తగుపాళ్ల కలియవలయును. 1 పాలు పెట్రోలునకు తూకమున సుమారు 15 పాళ్లు గాలి కావలయును. యంత్రము గాలిని పీల్చునపుడు అది కార్బురేటరు గొంతుగుండ పోవును. గొంతు నడుమ ఇఱుకుగా నుండుటచే అచ్చట గాలి వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. అంతట క్రింది గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రముగుండ పైకెగసి, తుంపరలై గాలిలో కలియును. గిన్నెలో తేలెడి బెండు పెట్రోలు మట్టమును సమముగా నిలుపును.

ఇక ఒక యంత్రపు కార్బురేటరును వేఱొక అశ్వశక్తిగల యంత్రమునకు బిగింపవచ్చునా? కొన్నియెడల బిగింపవచ్చును. 1974 మొదలు కొన్ని సంవత్సరములు జాన్సన్, ఎవిన్రూడ్ అను పేర్లతో అమ్మిన 9.9, 15 అశ్వశక్తుల యంత్రములకు సిలిండరుల కొలత ఒక్కటియే. ముఖ్యభేదము కార్బురేటరునందే యుండెను. అమెరికాలోని కొన్ని సరస్సులందు 10 అశ్వశక్తులకు మించిన యంత్రములను రానీయరు గనుక, గొంతు సన్నముచేసిన యంత్రమునకును గిరాకి కలిగెను. దానికి పెద్దగొంతు కార్బురేటరు బిగించినచో బలము హెచ్చును. కాని ఆ బలము సిలిండరులలో మొదటినుండియు నున్నదే. కార్బురేటరు దానికి త్రోవ విడిచినది, అంతియే.

సిలిండరుల కొలతలు వేఱైనచో కథ మాఱును. చిన్న యంత్రమునకు పెద్ద కార్బురేటరు తగిలించినచో గాలి ఆ వెడల్పు గొంతులో మెల్లగా నడచును. పీల్పు చాలక పెట్రోలు సరిగా ఎగయదు. మందగతిలో యంత్రము ఆగిపోవును. పెద్దదానికి చిన్నది తగిలించినచో ఊపిరాడనివానివలె వేగమున బలము చాలదు. పెట్రోలు రంధ్రపు కొలత కుదరకున్న మఱియొక అపాయము కలదు. రెండు ఊపుల యంత్రమున కందెన నూనెయు పెట్రోలులోనే కలిసి వచ్చును. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును, వేడి హెచ్చును, తుదకు పిస్టను సిలిండరులో బిగుసుకొనిపోవును.

స్థలభేదమునుగూడ గమనింపవలయును. వికారాబాదు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఇచ్చటి గాలి కాకినాడ తీరపు గాలికంటె నూటికి సుమారు 6 పాళ్లు పలుచన. తీరమున సవరించిన యంత్రము ఇచ్చట గాలికి మించి కొంచెము పెట్రోలు త్రాగును. ఈపాటి ఎత్తునకు సాధారణముగా రంధ్రము మార్చనక్కఱలేదు.

మార్పు కుదిరినదో లేదో స్పార్కు ప్లగ్గు చెప్పును. బరువుతో కొంతసేపు నడపి, ఆపి, చల్లారిన పిదప విప్పి చూడవలయును. లేత గోధుమవన్నె యున్నచో పాళ్లు సరి, నల్లని మసి పట్టినచో పెట్రోలు మిక్కుటము, తెల్లబాఱినచో చాలలేదు. బోల్టులు సరిపోయినంతమాత్రమున భాగము సరిపోయినదని తలపరాదు. ముందుగా గట్టుదాపున, లోతులేని నీట నడపి చూచి, ఆ పిమ్మటనే పడవలో మనుష్యుల నెక్కించుట వివేకము.