అంకె వేరు, సంఖ్య వేరు

 

ఈసారి గోడ పత్రికలో కంప్యూటర్ గురించి రాస్తున్నాను. మనం కీబోర్డు మీద కొట్టిన అంకెల్ని లెక్కకి పనికొచ్చే సంఖ్యల వరుసగా ఎలా మార్చాలి అనేదే నా విషయం. చిన్న విషయంలాగే ఉంటుంది గానీ ఇందులో ఒక పిల్ల ఆరోగ్యం కూడా ఉంది. ఎలాగో చెప్తాను.

పైథాన్ అనే కంప్యూటర్ భాషని గైడో వాన్ రోసమ్ అనే ఆయన తయారు చేసి 1991లో బయటికి ఇచ్చాడు. ఇందులో ఇన్‌పుట్ అనే ఆజ్ఞ ఉంది. అది మనం కొట్టేదాకా ఆగి, కొట్టింది తీసుకుంటుంది. కానీ ఏది కొట్టినా అక్షరాలుగానే తీసుకుంటుంది. ఒకసారి 45, ఇంకోసారి 38 కొట్టి రెండూ కూడమంటే 83 రాదు, 4538 వస్తుంది! పక్కపక్కన అతికిస్తుంది, అంతే. ఇలాంటి అక్షరాల దండని స్ట్రింగ్ అంటారు.

మా అమ్మకి చదువు రాదు. కానీ సంతలో చింతపండు తూకం వేస్తే ఎంత డబ్బు రావాలో నోటితోనే చెప్పేస్తుంది. అమ్మకి అంకె రాయడం రాదు, సంఖ్య తెల్సు. స్ట్రింగ్‌లో దానికి తిరగబడి ఉంటుంది. అంకె ఉంటుంది, సంఖ్య ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. ఏ.ఎన్.ఎం. అక్క మన రక్తం పరీక్ష చేసి హిమోగ్లోబిన్ రాసుకుంటుంది గదా. మన వయసు ఆడపిల్లలకి అది 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. నలుగురి విలువలు ఇలా కొట్టామనుకుందాం (ఇవి నేను ఊహించి రాసినవే, ఎవరివీ కావు):

11.2 10.4 9.5 12.1

వీటిని విడగొట్టి, అక్షరాలుగానే ఉంచి, అందరికంటే తక్కువ ఎవరికి అని అడిగితే 10.4 అని చెప్తుంది. అందరికంటే ఎక్కువ ఏది అంటే 9.5 అంటుంది! ఎందుకంటే అక్షరాల్ని ఎడమ నుంచి ఒక్కొక్కటి పోలుస్తుంది. కంప్యూటర్ లోపల 1 అనే గుర్తుకి 49, 9 అనే గుర్తుకి 57 అని నంబర్లు ఉంటాయి. మొదటి అక్షరం దగ్గరే 9 గెలిచిపోతుంది. అప్పుడు ఎక్కువ మందు, ఎక్కువ తిండి కావాల్సిన పిల్లే అందరికంటే బాగున్నట్టు లెక్కలో వస్తుంది.

దీనికి మూడు పనులు చెయ్యాలి.

మొదటిది, ఇన్‌పుట్‌తో లైను తీసుకోవాలి.
రెండోది, స్ప్లిట్‌తో ముక్కలు చెయ్యాలి. ఖాళీ ఉన్న చోట దండ తెగుతుంది. బ్రాకెట్లో ఏమీ పెట్టకపోతే రెండు మూడు ఖాళీలు ఎక్కువ పడినా ఇబ్బంది లేదు. కామాలతో కొట్టి ఉంటే కామా దగ్గర తెంపమని బ్రాకెట్లో చెప్పాలి.
మూడోది, ఒక్కో ముక్కనీ సంఖ్య చెయ్యాలి. దశాంశం ఉంటే ఫ్లోట్, పూర్ణ సంఖ్య అయితే ఇంట్.

మూడూ కలిపి ఒక్క లైనులో:

వరుస = లిస్ట్(మ్యాప్(ఫ్లోట్, ఇన్‌పుట్().స్ప్లిట్()))

మ్యాప్ అంటే ప్రతి ముక్క మీదా అదే పని చెయ్యమని. అందరూ చదవాలని తెలుగులో రాశాను. ఆజ్ఞల్ని మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. ఇప్పుడు తక్కువ ఏది అంటే 9.5 అని సరిగ్గా వస్తుంది. ఇంకో వింత, ౯ అని తెలుగు అంకె కొట్టినా ఇంట్ దాన్ని తొమ్మిదిగానే మారుస్తుంది. రూపం ఏదైనా సంఖ్య ఒకటే.

పరీక్షకి రాని పిల్ల చోట గీత పెడితే ఫ్లోట్ దాన్ని మార్చలేదు. ప్రోగ్రాం తప్పు చూపించి ఆగిపోతుంది. విసుక్కోకండి, ఆగడమే మంచిది. అసలేమీ పెట్టకుండా వదిలేస్తే మాత్రం అది ఆగదు. రోల్ నంబర్ 3 రాలేదనుకోండి, 4వ నంబర్ పిల్ల విలువ మూడో చోటుకి జరుగుతుంది. ఒకరి 9.5 ఇంకొకరి పేరు మీద పడుతుంది.

అందుకని రెండు వరుసలు తీసుకోవాలి. వచ్చిన వాళ్ల రోల్ నంబర్లు 1 2 4 5 అని ఒక లైను, దీనికి ఇంట్. విలువలు ఇంకో లైను, దీనికి ఫ్లోట్. రెండు వరుసల్లోనూ ఎన్ని ఉన్నాయో లెన్ అనే ఆజ్ఞతో లెక్కపెట్టి, సమానమైతేనే ముందుకు పోవాలి. అప్పుడు 9.5 ఎవరిదంటే 4వ నంబర్ అని తేలుతుంది.

మిత్రులారా, కంప్యూటర్‌కి తెలివి ఉందని మనం అనుకుంటాం. ఏది సంఖ్యో చెప్పాల్సింది మనమే. కంప్యూటర్ పీరియడ్‌లో ఈ నాలుగు విలువలూ కొట్టి చూడండి. మొదట మార్చకుండా చెయ్యండి, తర్వాత మార్చి చెయ్యండి. తేడా మీకే కనిపిస్తుంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని